మజ్లిస్ మాట, శాసనసభ చట్టం, పల్నాటి ముస్లింల వాటా

పల్నాడులో మజ్లిస్ పార్టీకి ఏనాడూ ఒక్క శాసనసభ్యుడు లేడు. నరసరావుపేట, మాచర్ల, గురజాల, సత్తెనపల్లి, వినుకొండ, చిలకలూరిపేట, పెదకూరపాడు నియోజకవర్గాలతో 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. ఈ ఏడింటిలో ఎక్కడా ఆ పార్టీ జెండా గెలిచిన దాఖలా లేదు. అయినా జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగేవేళ రాజకీయాల ప్రసక్తి వస్తే మజ్లిస్ పేరు దొర్లకుండా ఉండదు. ‘రిజర్వేషన్ వాళ్లు పోరాడితేనే వచ్చింది’ అని ఒకరంటారు. ‘హైదరాబాదు పార్టీతో మనకేం పని’ అని ఇంకొకరంటారు.

ఈ రెండు మాటల్లో ఏది ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే అభిమానాన్నీ అయిష్టాన్నీ కాసేపు పక్కన పెట్టి, ఏ చట్టం ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది, ఆ సమయంలో మజ్లిస్ ఏ వైఖరి తీసుకుంది అన్నది వరుసగా చూడాలి. ఎందుకంటే ఆ చట్టాల ఫలితం మన ఇళ్లలోనే ఉంది. డీఎస్సీకి చదువుతున్న అమ్మాయి దరఖాస్తులో, ఇంజినీరింగు కౌన్సెలింగుకు వెళ్లే అబ్బాయి ఫైలులో ‘బీసీ-ఇ’ అనే మూడక్షరాల రూపంలో అది కనబడుతుంది.

నలుగురు, ఏడుగురు... సభలో 294 మంది

ఆలిండియా మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ మొదట 1927లో నిజాం రాజ్యంలో పుట్టింది. ఇప్పటి రూపంలో దాన్ని 1950ల చివర అబ్దుల్ వాహెద్ ఒవైసీ పునరుద్ధరించారు. ఆయన కుమారుడు సలావుద్దీన్ ఒవైసీ 1962లో హైదరాబాదు పాతబస్తీలోని పత్తర్‌గట్టి నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1984 నుంచి 2004 వరకు హైదరాబాదు లోక్‌సభ స్థానం ఆయనదే. ఆ తర్వాత ఆయన పెద్ద కుమారుడు అసదుద్దీన్ ఒవైసీ ఆ స్థానంలో గెలుస్తూ వచ్చారు. రెండో కుమారుడు అక్బరుద్దీన్ 1999 నుంచి చాంద్రాయణగుట్టకు ప్రాతినిధ్యం వహిస్తూ శాసనసభలో పార్టీ పక్ష నేతగా మాట్లాడుతూ వచ్చారు.

ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో ఎన్నికయ్యే సభ్యులు 294 మంది. అందులో మజ్లిస్ బలం 2004లో నాలుగు, 2009లో ఏడు. ఇంత చిన్న పార్టీ ఒక చట్టాన్ని సొంతంగా తేలేదు, ఆపనూ లేదు. ప్రశ్నలు వేయవచ్చు, సవరణలు కోరవచ్చు, ప్రభుత్వానికి మద్దతునిచ్చి పని చేయించుకోవచ్చు, మద్దతు ఉపసంహరించుకుని ఇబ్బంది పెట్టవచ్చు. మజ్లిస్ ఈ నాలుగు పనులూ చేసింది.

2004లో కాంగ్రెసుకు ఒంటరిగానే 185 స్థానాలు వచ్చాయి. అంటే ముస్లిం రిజర్వేషన్ బిల్లు నెగ్గడానికి మజ్లిస్ నాలుగు ఓట్లు అవసరం లేదు. 2009లో కాంగ్రెసుకు వచ్చినవి 156 మాత్రమే. ఆ సభలో మాత్రం మజ్లిస్ ఏడుగురికీ విలువ ఉంది. 2012 నవంబరులో చార్మినార్ వద్ద గుడి వివాదంపై ఆ పార్టీ కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది. 2013 మార్చిలో అవిశ్వాస తీర్మానం వచ్చినా ప్రభుత్వం గట్టెక్కింది. చిన్న పార్టీ బలం ఎంతవరకో ఈ సంఘటన చెబుతుంది. ప్రభుత్వానికి గుబులు పుట్టించగలదు గానీ పడగొట్టాలంటే పెద్ద పార్టీలు కూడా చేయి కలపాలి.

కాసు వారి కాలం నాటి ఉత్తర్వు

రాష్ట్రంలో ముస్లింలకు రిజర్వేషన్ 2004లోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. నిజానికి మన పల్నాడులోనే ఎన్నో కుటుంబాలకు అది అంతకు మూడు దశాబ్దాల క్రితమే అందింది. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్ బాషా అనే పేర్లతో పిలిచే వర్గాన్ని 1970 సెప్టెంబరు 23న వెలువడిన 1793వ నంబరు జీవో వెనుకబడిన తరగతుల ‘బి’ గ్రూపులో చేర్చింది. ముస్లిం మెహతర్లు ‘ఎ’ గ్రూపులో చేరారు. ఆ జీవోకు ఆధారం అనంతరామన్ కమిషన్ నివేదిక. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానంద రెడ్డి. నరసరావుపేట ప్రాంతంలోని చిరుమామిళ్ల ఆయన స్వగ్రామం.

ఆ ఉత్తర్వు మీద కూడా కోర్టులో దావాలు పడ్డాయి. హైకోర్టు కొట్టివేసింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1972లో సుప్రీంకోర్టు ఆ జాబితాను సమర్థించింది. కమిషన్ ఊరూరా తిరిగి సేకరించిన వివరాలు ఉన్నందువల్లే జాబితా నిలబడింది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాతి కథంతా సులువుగా అర్థమవుతుంది.

దూది ఏకి పరుపులు కుట్టే వృత్తివారు మతం చేత ముస్లింలైనా జాబితాలో చేరింది వృత్తినీ వెనుకబాటునూ బట్టే. ఆ రోజు ‘మత రిజర్వేషన్’ అన్న మాట పెద్దగా వినబడలేదు. పల్నాటి పల్లెల్లో నూర్ బాషాలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పేరుకు ముందు కొందరు నూర్ బాషా అని, కొందరు షేక్ అని రాసుకుంటారు. ఈ అలవాటు వల్ల సర్టిఫికెట్ల దగ్గర వచ్చే చిక్కు గురించి చివర్లో చెప్పుకుందాం.

ఐదు శాతం... రెండుసార్లు ఎదురుదెబ్బ

ముస్లింలను వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చాలన్న అంశం 1994లో కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వ కాలంలో కమిషన్ పరిశీలనకు వెళ్లింది గానీ తేలలేదు. పదేళ్ల తర్వాత 2004 మేలో అధికారంలోకి వచ్చిన వై.ఎస్.రాజశేఖర రెడ్డి ప్రభుత్వం రెండు నెలలు తిరక్కుండానే, జులై 12న, ముస్లింలందరికీ విద్య, ఉద్యోగాల్లో ఐదు శాతం రిజర్వేషన్ ఇస్తూ 33వ నంబరు జీవో జారీ చేసింది. ఎన్నాళ్లుగానో ఈ కోరిక వినిపిస్తున్న మజ్లిస్ దాన్ని స్వాగతించింది.

అదే సంవత్సరం సెప్టెంబరు 21న హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. ఒక వర్గాన్ని వెనుకబడినదిగా ప్రకటించే ముందు చట్టప్రకారం వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించాలి, ప్రభుత్వం ఆ పని చేయలేదు అన్నది ముఖ్యమైన అభ్యంతరం.

అప్పుడు ప్రభుత్వం విషయాన్ని జస్టిస్ దాళ్వ సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఉన్న కమిషన్‌కు పంపింది. కమిషన్ సిఫారసు మీద 2005లో ముందు ఆర్డినెన్సు, తర్వాత చట్టం వచ్చాయి. ఇందులోనూ ముస్లింలందరికీ ఐదు శాతమే. మజ్లిస్ దీన్నీ సమర్థించింది. 2005 నవంబరు 7న హైకోర్టు ఈ చట్టాన్నీ కొట్టివేసింది.

లెక్క చూస్తే కారణాల్లో ఒకటి చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. అప్పటికి బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, మొత్తం 46 శాతం అమలులో ఉన్నాయి. దానికి ఐదు కలిపితే 51. మండల్ కేసుగా పేరుపడిన ఇంద్రా సాహ్ని కేసులో 1992 నవంబరు 16న సుప్రీంకోర్టు రిజర్వేషన్లు 50 శాతం దాటరాదని చెప్పింది. ఒక్క శాతం గీత దాటింది. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. ముస్లింలందరినీ ఒకే ముద్దగా చూసి, అందరూ వెనుకబడినవారే అనడానికి తగిన కొలమానాలు, సర్వే చూపలేదని కోర్టు తప్పుపట్టింది.

మజ్లిస్ రాజకీయానికి ఇది గట్టి ప్రశ్నే. ఆ పార్టీ పేరులోనే ‘ఇత్తెహాద్’ అంటే ఐక్యత ఉంది. ముస్లింలందరూ ఒక్కటే అన్న పునాది మీద నిలబడిన పార్టీ అది. రాజ్యాంగంలోని 15(4), 16(4) అధికరణలు అడిగేది వేరు. ఎవరు వెనుకబడ్డారు, ఎంత వెనుకబడ్డారు, రుజువేమిటి అని అవి అడుగుతాయి. సభావేదిక మీద చప్పట్లు తెచ్చే మాటకూ కోర్టులో నిలిచే మాటకూ ఉన్న తేడా ఈ రెండు తీర్పుల్లో బయటపడింది.

పేరు పేరునా రాసిన చట్టం

మూడోసారి ప్రభుత్వం దారి మార్చింది. మండల్ సిఫారసుల అమలులో పాలుపంచుకున్న విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్‌ను సలహాదారుగా పెట్టుకుంది. ముస్లింలలో ఏ ఏ వర్గాలు సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడి ఉన్నాయో విడివిడిగా గుర్తించమని ఆయనను కోరింది. ఆయన నివేదికనూ, కమిషన్ సిఫారసునూ ఆధారం చేసుకుని 2007 జులైలో ఆర్డినెన్సు, ఆ తర్వాత 2007 నాటి 26వ నంబరు చట్టం వచ్చాయి. వాటా నాలుగు శాతానికి తగ్గింది. 46కు నాలుగు కలిపితే సరిగ్గా 50.

చట్టం షెడ్యూలు తీసి చూస్తే మన పల్నాటి సంత, బజారు, ఊరి పొలిమేర కళ్లముందు నిలుస్తాయి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ముస్లిం చాకలివారు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గోసంగి ముస్లింలు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, లబ్బీలు, పకీర్ల, ఖురేషీ కసాబులు, షేక్‌లు, సిద్దీలు, రోళ్లకు కక్కు కొట్టే తురక కాశలు - ఇలా 14 వర్గాల పేర్లు అందులో ఉన్నాయి. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మేమన్, నవాయత్ వంటి వారిని స్పష్టంగా మినహాయించారు. ఈ జాబితాకు బీసీల్లో ‘ఇ’ గ్రూపు అని పేరు పెట్టారు.

మజ్లిస్ ఈ చట్టాన్నీ సమర్థించింది. ముస్లింలందరికీ అన్న పాత కోరికతో పోలిస్తే ఇది ఒక మెట్టు దిగడమే. అయితే ఆ దిగడమే పార్టీ వాదనకు తర్వాత పెద్ద బలమైంది. ‘ఇది మతం పేరిట ఇచ్చిన రిజర్వేషన్’ అని ప్రత్యర్థులు విమర్శించినప్పుడల్లా, ‘మతం పేరిట అయితే సయ్యద్, పఠాన్, మొగల్ ఎందుకు బయట ఉన్నారు?’ అని అసదుద్దీన్ ఒవైసీ అడుగుతూ వచ్చారు. మత ప్రాతిపదికన రిజర్వేషన్లు రాజ్యాంగ విరుద్ధమని భారతీయ జనతా పార్టీ మొదటి నుంచీ అంటోంది. 2023 ఏప్రిల్ 23న చేవెళ్ల సభలో కేంద్ర హోం మంత్రి అమిత్ షా, తాము అధికారంలోకి వస్తే ముస్లిం రిజర్వేషన్ తీసేస్తామని ప్రకటించినప్పుడూ ఇదే వాదోపవాదం నడిచింది.

ఇస్లాంలో కులం లేదు కదా?

ఇక్కడ మన ఇళ్లలో తరచు వినవచ్చే సందేహం ఒకటుంది. ఇస్లాంలో కులం లేదు కదా, మరి ఈ జాబితా ఏమిటి? మసీదు వరుసలో భుజం భుజం ఆనించి నిలబడే చోట ఎవరు హజామో ఎవరు సయ్యదో అడిగేవారు లేరు, నిజమే. ధర్మం చెప్పేది అదే. అయితే నిఖా సంబంధాల దగ్గర, వృత్తి దగ్గర, చదువు దగ్గర మన సమాజం ఎలా నడుస్తోందన్నది వేరే విషయం. రోళ్లకు కక్కు కొట్టుకుంటూ ఊరూరా తిరిగే వ్యక్తి కొడుకుకూ, తరతరాలుగా చదువుకున్న ఇంటి బిడ్డకూ పరీక్ష హాలులో ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు. ఇద్దరి వెనకా ఉన్న ఇల్లు మాత్రం ఒకటి కాదు. చట్టం చూసేది ఈ తేడాను. దాన్ని ఒప్పుకోవడం వల్ల ధర్మానికి వచ్చే లోటు లేదు. దాచిపెడితే నష్టపోయేది మాత్రం బీదవాడే.

కోర్టు గుమ్మంలోనే ఉన్న చట్టం

2010 ఫిబ్రవరి 8న హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2007 చట్టాన్ని కూడా కొట్టివేసింది. ఐదుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచారు. సర్వే శాస్త్రీయంగా లేదని, చట్టం ఒక మతానికే పరిమితమైందని మెజారిటీ తీర్పు అభ్యంతరం చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ అమలుకు వీలు కల్పించి, అసలు విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది.

ఆ మధ్యంతర ఉత్తర్వు మీదే ఈ నాలుగు శాతం నడుస్తూ వస్తోంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లు జాగ్రత్తగా చదివే అభ్యర్థులకు ఇది తెలుసు. బీసీ-ఇ రిజర్వేషన్ 2010 నాటి సివిల్ అప్పీళ్లలో వచ్చే తుది తీర్పుకు లోబడి ఉంటుందని వాటిలో ఒక వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వెనుక రెండు రాష్ట్రాల్లో వేలాది కుటుంబాల ఆశ ఉంది.

కేసు తేలేదాకా భయపడుతూ కూర్చోవాలని దీని అర్థం కాదు. 2010 తర్వాత ఎందరో పిల్లలు ఈ వాటాతోనే కాలేజీల్లో చేరారు, ఉద్యోగాల్లో చేరారు. 2024 ఎన్నికల సమయంలో నాలుగు శాతం కొనసాగుతుందని చంద్రబాబు నాయుడు కూడా ప్రకటించారు. అయితే నాయకుల ప్రకటనలు కోర్టులో సాక్ష్యాలుగా పనికిరావు. అక్కడ అడిగేది లెక్కలు.

రాష్ట్ర విభజనపై మజ్లిస్ వైఖరి

మరో పెద్ద చట్టం 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం. ఇది పార్లమెంటు చేసినదైనా ముందు రాష్ట్ర శాసనసభ అభిప్రాయానికి వచ్చింది. మజ్లిస్ విభజనను వ్యతిరేకించింది. 2010లో శ్రీకృష్ణ కమిటీ ముందు ఆ పార్టీ చెప్పిన మొదటి మాట సమైక్య రాష్ట్రం. విడదీయక తప్పకపోతే రాయలసీమను తెలంగాణతో కలిపి హైదరాబాదు రాజధానిగా ఉంచాలన్నది రెండో మాట. రాష్ట్రం చీలితే ముస్లింల ఓటు బలం కూడా చీలుతుందని, మతతత్వ రాజకీయాలకు చోటు పెరుగుతుందని ఆ పార్టీ వాదించింది.

పల్నాడు వైపు నుంచి చూస్తే ఈ వాదనలో ఆలోచించవలసింది ఉంది. 2014 జూన్ 2 తర్వాత మజ్లిస్ స్థానాలన్నీ తెలంగాణ వైపు వెళ్లాయి. అక్కడ 119 మంది సభలో 2014, 2018, 2023 ఎన్నికల్లో మూడుసార్లూ ఏడు చొప్పున గెలిచింది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభలో ఆ పార్టీకి ఒక్కరూ లేరు. అంటే 1962 నుంచి మన రాష్ట్ర సభలో వినబడిన ఒక గొంతు పొరుగు రాష్ట్ర సభకు మారిపోయింది. ఆ గొంతు మనకు నచ్చిందా లేదా అన్నది వేరు. ముస్లింల విషయం వచ్చినప్పుడు ఎవరో ఒకరు లేచి ప్రశ్నిస్తారన్న భరోసా మాత్రం పోయింది. ఇక్కడ పెద్ద పార్టీల టికెట్ల మీద గెలిచిన ముస్లిం సభ్యులు ఉన్నా, తమ పార్టీ విప్‌ను దాటి మాట్లాడే వీలు వారికి ఉండదు.

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి గుంటూరు జిల్లాలో ముస్లింలు సుమారు 11 శాతం. ఇది చిన్న సంఖ్య కాదు. అయినా చట్టం చదివి, లోటుపాట్లు పట్టి, ఎమ్మెల్యేను నిలదీసే పని మనం నేర్చుకోలేదు. ఆ పని పాతబస్తీ వాళ్లు చేస్తారులే అనుకున్నాం.

సయ్యద్, పఠాన్ కుటుంబాల సంగతి

మజ్లిస్ వైఖరికీ మన ఇంటి అవసరానికీ మధ్య దూరం కనబడేది ఈ విషయంలోనే. ఆర్థికంగా బలహీనులైన ఇతర వర్గాలకు పది శాతం రిజర్వేషన్ ఇచ్చే 103వ రాజ్యాంగ సవరణ బిల్లు 2019 జనవరి 8న లోక్‌సభలో 323 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడినవి మూడే ఓట్లు. వాటిలో ఒకటి అసదుద్దీన్ ఒవైసీది. మిగతా రెండూ ముస్లిం లీగు సభ్యులవి. రిజర్వేషన్ ఉద్దేశం సామాజిక అన్యాయాన్ని సరిదిద్దడమని, పేదరికం ఒక్కటే కొలమానం కారాదని ఆయన వాదన. సిద్ధాంతంగా చూస్తే దానికొక బలం ఉంది. అయితే 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ముగ్గురు-ఇద్దరి తేడాతో ఆ సవరణను సమర్థించింది.

బీసీ-ఇ జాబితా నుంచి మినహాయింపు పొందిన సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాల్లోని పేద పిల్లలకు దక్కేది ఈ పది శాతంలోని అవకాశమే. ఆటో నడుపుకుని బతికే పఠాన్ కూతురు ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రంతో సీటు తెచ్చుకోవచ్చు. పార్టీ ఓటు ఒకవైపు పడింది, మన పిల్లల అవసరం మరోవైపు ఉంది. ఇందులో ఎవరినీ ద్రోహి అనవలసిన పని లేదు. పార్టీ అభిప్రాయం పార్టీది, చట్టం ఇచ్చిన హక్కు మనది. పార్టీ వ్యతిరేకించింది కదా అని హక్కు వదులుకుంటే నష్టం మన పిల్లకే.

పొరుగు రాష్ట్రం నేర్పే పాఠం

తెలంగాణలో 2017 ఏప్రిల్ 16న శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై బీసీ-ఇ వాటాను నాలుగు నుంచి 12 శాతానికి పెంచే బిల్లును ఆమోదించింది. గిరిజనుల వాటా కూడా అందులోనే పది శాతానికి పెరిగింది. మొత్తం రిజర్వేషన్లు 62 శాతానికి చేరేవి. మజ్లిస్ గట్టిగా సమర్థించింది. భారతీయ జనతా పార్టీ వ్యతిరేకించింది. బిల్లు రాష్ట్రపతి ఆమోదం కోసం ఢిల్లీ వెళ్లింది గానీ చట్టం కాలేదు. 2025 మార్చి 17న బీసీల వాటాను 42 శాతానికి పెంచే బిల్లులను అదే సభ ఆమోదించినప్పుడు కూడా మజ్లిస్ మద్దతిచ్చింది. 50 శాతం గీత అక్కడా అడ్డం నిలిచింది.

సభలో చేతులెత్తి ఆమోదించడం సులువు. చట్టం నిలబడాలంటే గీత లోపల ఉండాలి, లేదా గీత దాటడానికి అసాధారణ కారణాలు రుజువులతో చూపాలి. నాలుగు శాతం వచ్చి ఇంటి గుమ్మం చేరింది. పన్నెండు శాతం కాగితం మీదే మిగిలింది. ఈ రెంటి మధ్య తేడా గ్రహించిన పాఠకులు ఇకమీద ఏ పార్టీ ఎంత శాతం ఇస్తామన్నా ‘ఏ నివేదిక ఆధారంగా?’ అని అడగగలుగుతారు.

మన చేతుల్లో ఉన్న పని

మొదటిది, సర్టిఫికెట్ల సంగతి. షేక్ అనే పదం మనవైపు ఇంటిపేరులా వాడుకలో ఉంది. ఇంటిపేరు ఒక్కటే చూసి వర్గాన్ని నిర్ణయించడం అన్నివేళలా సరికాదు. నూర్ బాషా కుటుంబం బీసీ-బి కిందికి వస్తుంది. పేరుకు ముందు షేక్ ఉందని తెలియక బీసీ-ఇ కింద పత్రం తీసుకుంటే రేపు పరిశీలనలో చిక్కు. ఒకే ఇంట్లో అన్నకు ఒక గ్రూపు, తమ్ముడికి మరో గ్రూపు పత్రం ఉన్నా చిక్కే. తండ్రి స్కూలు రికార్డులో, కొడుకు స్కూలు రికార్డులో వర్గం పేరు ఒకేలా ఉందో లేదో పదో తరగతికి ముందే చూసుకోవాలి. మహమ్మద్ అని మాత్రమే రాసి ఉంటే, వర్గం ఏమిటో తహశీల్దారు విచారణలో తేలే ఆధారాలు దగ్గర ఉంచుకోవాలి.

రెండవది, రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. దూదేకుల, మెహతర్ వర్గాలు కేంద్ర ఓబీసీ జాబితాలో కూడా ఉన్నాయి. రాష్ట్రం ఇచ్చే బీసీ-ఇ పత్రం మాత్రం దానంతటదే కేంద్ర ఓబీసీ పత్రం కాదు. రైల్వే, బ్యాంకు, కేంద్ర విశ్వవిద్యాలయం దరఖాస్తు నింపేముందు కేంద్ర జాబితా చూసుకోవాలి. అందులో పేరు లేని పేద కుటుంబాలు ఈడబ్ల్యూఎస్ అర్హత పరిశీలించుకోవాలి. సైబర్ కేఫ్ కుర్రాడు ఏది నొక్కితే అది మన వర్గం కాకూడదు.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది లెక్క. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరపడానికి నోటిఫై చేసిన జనగణనలో కులాల వివరాలు కూడా సేకరించాలని 2025లో కేంద్రం నిర్ణయించింది. గణకుడు గుమ్మం ముందుకొచ్చి కులం అడిగినప్పుడు ‘ముస్లిం’ అని ఊరుకుంటే, మతం కాలమ్‌లో చెప్పిందే మళ్లీ చెప్పినట్టవుతుంది. నూర్ బాషాలు నూర్ బాషా అని, షేక్‌లు షేక్ అని, హజాములు హజాం అని, అత్తరు సాయిబులు అత్తరు సాయిబులని, పఠాన్లు పఠాన్ అని ఉన్నది ఉన్నట్టు రాయించాలి. సిగ్గుపడి పెద్ద పేరు చెప్పుకుంటే, కక్కు కొట్టే వర్గం అసలు లేనేలేదని రేపు ఎవరైనా వాదించడానికి మనమే ఆధారం ఇచ్చినట్టు. 2004లో, 2005లో చట్టాన్ని ఓడించింది లెక్కల లోపమే. 1972లో జాబితాను నిలబెట్టింది లెక్కల బలమే.

మసీదు కమిటీలు, నూర్ బాషా సంఘాలు, విశ్రాంత ఉపాధ్యాయులు ఈ మూడు విషయాలను వాడవాడలా చెబితే చాలు. మాచర్లలో ఒకరు, గురజాలలో ఒకరు 2007 చట్టం షెడ్యూలు నకలు దగ్గర పెట్టుకుని అడిగినవారికి చదివి వినిపించినా మేలే. మజ్లిస్‌ను మెచ్చుకునేవారు మెచ్చుకోవచ్చు, విమర్శించేవారు విమర్శించవచ్చు. ఉమ్మడి సభలో ఆ పార్టీ ముస్లింల చదువు, ఉద్యోగాల అంశాన్ని చల్లారనివ్వలేదన్నది నిజం. చట్టాన్ని తెచ్చింది అధికార పక్షమనీ, నిలబెట్టేది నివేదికలూ కోర్టులూ అన్నదీ అంతే నిజం. తుది తీర్పు వచ్చేనాటికి మన వైపు నుంచి ఉండవలసినవి మూడు: సరైన పత్రం, సరైన లెక్క, చదువుకున్న పిల్లలు. ఆ మూడూ సిద్ధం చేసుకోవడానికి ఏ పార్టీ అనుమతీ అక్కరలేదు.